కరుప్పసామి గుడి దగ్గర ఆగే బండి

కోవిల్‌పట్టి
1934 జూన్

ప్రియమైన మార్తా అక్కకు తమ్ముడు యోసేపు స్తోత్రం చెప్పి రాసుకునేది.

ఇక్కడ నేను క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందో రాయి. తమిళంలో రాస్తే నువ్వు వండిపెట్టే హాస్టలు పిల్లలంతా చదివి నవ్వుతారని, అమ్మ మగ్గం పక్కన కూర్చోబెట్టి నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే తిట్టు. తిట్టకపోతే నువ్వు నా అక్కవే కావు.

కొత్త బస్సు నా చేతికొచ్చింది. మా మొదలాళి, బస్సుల యజమాని దామోదరసామి గారు ఎట్టయాపురం దారి నాకే అప్పగించారు. ఆ దారిలో తిరిగేవి రెండే బండ్లు. ఒకటి నాది, ఇంకొకటి రామసుబ్బు నడిపేది. ముందు పోయినవాడికే దారిలో జనం. వెనకపడ్డవాడికి దుమ్ము. వాడు నన్ను దాటేటప్పుడు వాడి కండక్టరు వెనక మెట్టు మీద నిలబడి తుండుగుడ్డ ఊపుతాడక్కా! నా అరచేతులు మండిపోతాయి. ఆ తుండుతోనే వాడి మెడకు ముడి వేద్దామా అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ దారిలో వాగు దాటగానే కరుప్పసామి గుడి ఉంది. అక్కడ ఆగని బండి ఇంతవరకు లేదు. జనం దిగి కర్పూరం వెలిగిస్తారు, పూజారి వచ్చి బస్సు ముక్కుకు విబూది పూస్తాడు, ఎవరో ఒకరు టెంకాయ కొడతారు, అది ఒక పట్టాన పగలదు. ఈస్టరుకు మీ చర్చి పాదిరయ్య నా తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చినప్పుడే మనసులో అనుకున్నాను, ఇక అక్కడ ఆపను అని. ఆపడం లేదు! హారను కొట్టుకుంటూ నేరుగా పోతున్నాను. మొదటి రోజు బండిలో ఒకటే గోల. మా కండక్టరు మునియాండి నా భుజం పట్టుకుని, "రేయ్, సామి కళ్ళు పెరికేస్తాడురా, ఆపురా!" అన్నాడు. "నా దేవుడు వేరే" అన్నాను. రామసుబ్బు పాపం అక్కడ ఆగి టెంకాయ కొట్టించుకుంటున్నాడు. ఈ వారమంతా ఎట్టయాపురానికి ముందు చేరింది నేనే.

ఇది నీకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

నీ తమ్ముడు
యోసేపు


విరుదునగరు
1934 జూలై

నా బంగారు తమ్ముడు యోసేపుకు మార్తా అక్క వేయి దీవెనలు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పొయ్యి మీద సాంబారు పొంగి మంట ఆరిపోయింది. పోనీలే అన్నాను. నేను పోనీలే అనడం నువ్వు పుట్టినప్పటి నుంచి ఎప్పుడైనా విన్నావా? పక్కన బియ్యం ఏరుతున్న పిల్లలు భయపడి నా ముఖం చూశారు.

నువ్వు రాసినది బుధవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో చదివి వినిపించాను. "నా దేవుడు వేరే" అన్నచోట కమలమ్మాళ్ కళ్ళు ఒత్తుకుంది. ఆమె సంగతి నీకు తెలుసుగా, ఊరికే ఏడ్చే మనిషి కాదు, ఊరికే మెచ్చుకునే మనిషి అసలే కాదు. పాదిరయ్యకు కూడా తెలిసింది. డిసెంబరులో బిషప్పు వస్తున్నారట. ఆయన తల మీద చేతులుంచి దీవించే వాళ్ళలో నీ పేరు రాసుకుంటానన్నారు. అది అయితేనే కదా నీకు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేది.

తమ్ముడూ, నీ బావ పోయి నేను ఈ ఏసయ్య గుడిలో చేరినప్పటి నుంచి బల్ల ముందు ఒంటరిగానే మోకరిస్తున్నాను. మిగతావాళ్ళు మొగుడితో, పిల్లలతో, కోడళ్ళతో వరసగా వస్తారు. నా పక్కన ఎవరో ఒకరు సర్దుకుని కూర్చుంటారు, అంతే. డిసెంబరులో నా పక్కన నువ్వుంటావు. ఇప్పటి నుంచే నాకు కాలు నిలవడం లేదు. నీకు తెల్లచొక్కా కుట్టించడానికి బట్ట తీశాను. నీ భుజాల కొలత పంపు, వెంటనే పంపు, మళ్ళీ మళ్ళీ అడిగించుకోకు.

ఇప్పటి నుంచి ఏం జరిగినా ఆ గుడి దగ్గర ఆపవద్దు. ఒకసారి ఆపితే నిన్ను చూసి నవ్వుతారు.

అక్క
మార్తా


కోవిల్‌పట్టి
1934 ఆగస్టు

అక్కకు స్తోత్రం.

చొక్కా కొలత ఇందులో దారంతో పెట్టాను. ఎక్కువ రాయడానికి తీరిక లేదు. ఎండ విపరీతంగా ఉంది, ఇంజను పొగలు కక్కుతోంది, నీళ్ళు పోయడానికే పొద్దు సరిపోతోంది.

దారిలో ఒక అవ్వ బండిలోంచి దిగబోయి పడింది. నువ్వు వేరేవాళ్ళ నోట వినకూడదని రాస్తున్నాను. పెద్దగా ఏమీ లేదు.

ఇది కూటంలో చదవవద్దు. మొదటిది చదవకుండా ఉంటే కూడా బాగుండేది.

యోసేపు


విరుదునగరు
1934 ఆగస్టు

యోసేపుకు అక్క రాసేది.

ఇదేం ఉత్తరంరా? చిట్టీ రాసినట్టు రాశావు! ఏ అవ్వ? ఎక్కడ పడింది? దిగబోయి పడితే నీకేం సంబంధం, సంబంధం లేకపోతే నాకెందుకు రాశావు? పెద్దగా ఏమీ లేకపోతే మొదటి ఉత్తరం చదవకుండా ఉండాల్సిందని ఎందుకంటున్నావు?  నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు, అది చూస్తే ఇంకా కోపం వచ్చింది.

ఆ గుడి దగ్గరేనా? అక్కడే అయితే ఒకటి చెబుతాను విను. సాతాను మనిషిని అట్లాగే బెదిరిస్తాడు. నువ్వు ఆపకపోవడం తప్పు కాదు. ఆ మాట గట్టిగా పట్టుకో.

అయినా ఆమెకు ఎట్లా ఉందో రాయి. చేయి విరిగిందా, కాలు విరిగిందా? వంకర టింకరగా రాయకుండా జరిగింది జరిగినట్టు రాయి.

మార్తా


కోవిల్‌పట్టి
1934 సెప్టెంబరు

అక్కా,

రాస్తున్నాను. ఇది చించి మళ్ళీ మొదలుపెట్టిన కాగితం.

ఆమె పేరు చిన్నతాయి. ఇక్కడే నేతగాళ్ళ వీధిలో ఉంటుంది, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుతుంది. కూతురు నిండు నెలల్లో ఉంది. కర్పూరం, పూలు పళ్ళెంలో పెట్టుకుని నా వెనక బెంచీ మీదే కూర్చుంది. వాగు దగ్గర పడుతుంటే, "ఆపు నాయనా, రవ్వంతసేపు. నా బిడ్డకి నెల నిండతా ఉండాది. కర్పూరం అంటించేసి బిన్నా వచ్చేస్తా" అనింది. "రాళ్ళకి నా బండి ఆగదవ్వా" అన్నాను. బండిలో ఇద్దరు ముగ్గురు ఛీ అన్నారు. ఛీ అంటే నాకు హుషారు వచ్చింది. నీ కూటంలో కూర్చున్నవాళ్ళంతా నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

వాగులో గుంతలుంటాయి కాబట్టి బండి నెమ్మదించాను. ఎప్పుడూ బండ్లు ఆగే చోటు కదా, ఇక ఆగుతుందనే ఆమె వెనక మెట్టు దాకా పోయింది. ఒక కాలు కిందికి దించింది. గుంత దాటగానే నేను బండిని ఉరికించాను.

తుంటి ఎముక విరిగింది.

ఇప్పుడు రాసేది నీకు కాక ఇంకెవరికీ చెప్పలేను. ఆ క్షణంలో నా కళ్ళు అద్దంలో ఉన్నాయి. వెనక రామసుబ్బు బండి దుమ్ము కనిపిస్తోంది. అందుకే ఉరికించాను. దేవుడి కోసం కాదు! అరుపులు విని బండి ఆపి పరిగెత్తుతుంటే రామసుబ్బు ఆ రోజు గుడి దగ్గర ఆగకుండానే నన్ను దాటి పోయాడు. ఆమె రోడ్డు మీద పడి ఉంది, నేను తల తిప్పి వాడి బండి వైపు చూశానక్కా. నా గుండె ముందు దానికి మండింది. ఆ తరవాతే ఆమె.

ఎత్తుకుంటే నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. "నువ్వు ఆగతావనుకుంటిని నాయనా" అనింది. అంతే. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నేను నీకు మొదట రాసిన ఉత్తరం గుర్తు చేసుకో. గుడి దగ్గర ఆపలేదని రాశాను, ముందు చేరానని రాశాను. రెండూ ఒకటేనని అప్పుడు నాకు తెలియలేదు. నీకు తెలిసిందా?

ఇప్పుడు ప్రతి సారీ అక్కడ ఆపుతున్నాను. నేను దిగను, మొక్కను. పూజారి విబూది తెస్తే వద్దు సామీ అని చేయి అడ్డం పెడతాను. చక్రం పట్టుకుని కూర్చుంటాను, చివరి మనిషి ఎక్కేదాకా హారను ముట్టుకోను. విన్నంత సులువు కాదు! ఒకామె కాలి మెట్టె పోయిందని మట్టిలో వెతుకుతుంది. ఒకాయన టెంకాయ మూడు ముక్కలైంది, ఇది మంచి శకునం కాదు, ఇంకోటి తెస్తానంటాడు. అగ్గిపెట్టెల పనికి పోయే ఆడవాళ్ళు ఆలస్యమైందని నన్నే దులుపుతారు. రామసుబ్బు ఇప్పుడు అక్కడ నిమిషమే ఆగి, జనాన్ని తరిమి ఎక్కించుకుని దాటిపోతాడు, తుండు ఊగుతుంది. నా కాలు దానంతట అదే కిందికి నొక్కబోతుంది. దాన్ని పట్టి ఆపడానికి నాకున్న ప్రార్థనంతా ఖర్చవుతుంది. బండి నడిపేటప్పుడు నేను ఇంతకు ముందు ఎప్పుడూ ప్రార్థన చేయలేదు. ఇప్పుడు అక్కడే చేస్తున్నాను.

కూతురికి మగబిడ్డ. అవ్వ మంచం మీదే ఉంది. పొద్దున బండి ఎక్కే ముందు పోయి చూసి వస్తున్నాను.

యోసేపు


విరుదునగరు
1934 అక్టోబరు

యోసేపుకు,

మీ ఊళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి పాదిరయ్యకు రాశాడు. మార్తమ్మ తమ్ముడు ప్రతి రోజూ కరుప్పసామి గుడి ముందు బస్సు ఆపి పూజ చేయిస్తున్నాడని. నన్ను పిలిపించి అడిగారు. పిండి చేతులతో వెళ్ళి నిలబడ్డాను. ఏమని చెప్పేది? జూలైలో నీ గొప్ప చదివిన నోరే కదా ఇది! కమలమ్మాళ్ దారిలో ఎదురుపడి పక్క సందులోకి తిరిగింది. అడిగి ఉంటే నాలుగు అనేదాన్ని. అడగలేదు.

ఆ అవ్వకు జరిగినది చదివి నేనూ ఏడ్చాను. నేను రాయిని కాదు. ఆమెకు బియ్యం తీసుకెళ్ళు, నూనె తీసుకెళ్ళు, ఆమె కోసం మోకాళ్ళూని ప్రార్థన చెయ్యి, నేనూ చేస్తాను. బండి నెమ్మదిగా నడుపు. రామసుబ్బు వెనకే పడి పో, ఎవడు వద్దన్నాడు? కానీ ఆ గుడి ముందు మాత్రం ఆపవద్దు. జాగ్రత్తగా దాటిపోవచ్చు కదా! ఓర్పు పేరు చెప్పి విగ్రహం ముందు జనాన్ని దించడం ఏం ఓర్పు?

పాదిరయ్య మంచి మనిషి. "ఇకమీదట ఆపనని ఒక్క మాట రాయించండి, పేరు అట్లాగే ఉంచుతాను" అన్నారు. రాయి. ఒక్క వాక్యం. ఈ ఉత్తరం అందగానే కూర్చుని రాయి.

చొక్కా కుట్టడం అయిపోయింది. గుండీలు కుట్టాలి. కుట్టనా, వద్దా?

మార్తా


కోవిల్‌పట్టి
1934 నవంబరు

అక్కకు తమ్ముడి స్తోత్రం.

ఆ వాక్యం రాయడానికి నాలుగైదు సార్లు కూర్చున్నాను. రాయలేను.

అవ్వ కర్రపట్టుకుని లేచింది. లేవగానే మొదట అడిగింది ఏమిటో తెలుసా? కరుప్పసామికి మొక్కు తీర్చాలట, మనవడు పుట్టాడు కదా. రామసుబ్బు బండిలో పొమ్మని కూతురు చెబితే, "ఎందుకు, మా పిల్లోడి బండి ఉండాది కదా" అనిందట. మా పిల్లోడు అంటే నేను. ఆమె తుంటి విరగ్గొట్టినవాణ్ణి! నేను ఆమెతో "అవ్వా, మా పాదిరయ్య ఒప్పుకోరు, ఆపను" అని ఎట్లా చెప్పేది, నువ్వే చెప్పు.

నువ్వు జాగ్రత్తగా దాటిపొమ్మన్నావు. అది కూడా చేసి చూశాను, ఒక రోజు. మెల్లగా, బంగారంలా నడిపాను. ఎవరూ పడలేదు. కానీ వెనక కూర్చున్నవాళ్ళు కర్పూరం పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని నా వీపు వైపే చూస్తున్నారు. నేను వాళ్ళకు భయమయ్యాను. ఏసయ్య పేరు పెట్టుకుని వాళ్ళను భయపెట్టాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

వాళ్ళ దేవుడు వాళ్ళకు. నేను వాళ్ళ దేవుడి కోసం ఆగడం లేదక్కా, వాళ్ళ కోసం ఆగుతున్నాను. ఈ తేడా పాదిరయ్యకు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నాకు చదువు లేదు. ఒక్కోసారి నాకే తేడా కనిపించదు. ఇదంతా నా మొండితనమేమోనని కూడా అనుకుంటాను. పగలంతా బండి తిప్పి ఇంటికొచ్చినా లోపల ఇంకా ఇంజను ఆడుతున్నట్టే ఉంటోంది.

నువ్వొకసారి వచ్చి కళ్ళారా చూస్తే బాగుండు. చూశాక కూడా ఆపవద్దంటే అప్పుడు ఆలోచిస్తాను. డిసెంబరులో నీ పక్కన మోకరించాలని నాకు ఆశ లేదనుకోకు. ఎంత ఉందో రాయలేను.

గుండీలు కుట్టు. ఎప్పటికైనా తొడుక్కుంటాను.

యోసేపు


విరుదునగరు
1934 డిసెంబరు

నా కన్నతండ్రీ,

నేను వచ్చాను. నీకు చెప్పకుండా వచ్చాను. చెబితే నువ్వు నా కోసం బాగా నడుపుతావని చెప్పలేదు. పిల్లలకు పెరుగన్నం కలిపిపెట్టి, వంటింట్లో సాయం చేసే చెల్లమ్మాళ్‌కు తాళాలిచ్చి, రైలెక్కి కోవిల్‌పట్టిలో దిగాను. నీ బండి ఎక్కి ముసుగు కిందికి లాక్కుని ఆడవాళ్ళ మధ్యలో వెనక కూర్చున్నాను. మునియాండి టిక్కెట్టు ఇచ్చాడు, ముఖం చూడలేదు.

నీ వీపు సన్నబడింది.

వాగు దాటి ఆపావు. అందరూ దిగారు. నేను దిగలేదు, ముఖం అటు తిప్పుకున్నాను. ఎండ మొహం మీద కొడుతోంది. టెంకాయ పగలలేదు. ఒకామె పూలు మరిచిపోయి మళ్ళీ బండెక్కింది, నా కాలు తొక్కింది. రామసుబ్బు బండి కాబోలు, హారను మోగించుకుంటూ దాటిపోయింది, తుండు నేనూ చూశాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది తమ్ముడూ, "ఇంకా ఎంతసేపు! పోనియ్యవయ్యా డ్రైవరూ!" అని అరిచాను. ఆ బండిలో అరిచిన మనిషి నేనొక్కదాన్నే. నా గొంతు నువ్వు గుర్తుపట్టలేదు. తల కూడా తిప్పకుండా, "రవ్వంత ఓర్చుకో తల్లీ, ఒక అవ్వ దిగాల" అన్నావు. నా పక్కనామె, "మా డ్రైవరు అట్లేనమ్మా, అందరూ ఎక్కిందాకా కదలడు" అని నాకే నచ్చజెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. అందరికంటే ముందు పరలోకం పోవాల్సినదాన్ని కదా నేను, ఆ తొందర!

నువ్వు దిగి వెనక్కి వచ్చి ఆ అవ్వను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు. తుంటి నొప్పి పుట్టకుండా చేయి ఎక్కడ వేయాలో నీకు తెలిసిపోయింది. గుడి అరుగు దగ్గర దింపి, తిరిగి వచ్చి బండి ముందు నిలబడ్డావు. పూజారి విబూది తెచ్చాడు. నువ్వు చేయి అడ్డం పెట్టి నవ్వావు, ఆయనా నవ్వి వెళ్ళిపోయాడు. అదంతా చూశాను. ఉపదేశి ఇది రాయలేదు.

తరవాతది చెబుతాను. ఆ అవ్వకు ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పళ్ళెం. కర్పూరం వెలిగించారు. పళ్ళెం వణుకుతోంది, మంట ఆమె కొంగు వైపు వాలుతోంది. ఆమె కూర్చోవాలి, కర్ర వదలలేదు, పళ్ళెం వదలలేదు. అందరూ కళ్ళు మూసుకుని మొక్కుతున్నారు. నేను ఎప్పుడు బండి దిగానో నాకు తెలియదు. ఆమె నన్ను చూసి, "ఏమ్మా, రవ్వంత పట్టుకో" అనింది.

పట్టుకున్నాను. ఈ మార్తా, కరుప్పసామి ముందు, మండుతున్న కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమె మెల్లగా కూర్చుని, కాలు చాపుకుని, ఊపిరి తీసుకునేదాకా పట్టుకున్నాను. పళ్ళెం వేడికి వేళ్ళు కాలాయి. వదలలేదు. మొక్కలేదు. ఏసయ్యా, ఈ ముసలామె పడకూడదు అన్నాను, ఇంకేమీ తోచలేదు. నువ్వు అప్పుడు ఇంజనులో నీళ్ళు పోస్తున్నావు, నన్ను చూడలేదు.

వచ్చీ రాగానే పాదిరయ్య దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, కమలమ్మాళ్‌కు అసలే తెలిసేది కాదు. ఆయన అంతా విన్నారు. చివరికి, "మార్తమ్మా, మీరిద్దరూ కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉండండి. నేనూ ప్రార్థన చేయాలి, నాకూ అర్థం కావాలి" అన్నారు. కోపంగా అనలేదు. నేనూ ఎదురు చెప్పలేదు, చూడు, ఎంత మారానో. ఇంటికొచ్చి ఏడ్చాను. అది వేరే.

బిషప్పు వచ్చే ఆదివారం నీ పేరు పిలవరు. నన్నూ బల్లకు పిలవరు. అందరూ లేచి ముందుకు పోతారు. నేను వెనక గోడ దగ్గర చాప మీద కూర్చుంటాను, నా పక్కన నీకు చోటు పెట్టి. చొక్కా గుండీలు కుట్టాను. ఆ రోజుకు బండి ఎవరికైనా అప్పగించి రైలుకు రా.

స్టేషన్లో అందరూ దిగాకే దిగు. నేను ఆగుతాను.

నీ అక్క
మార్తా